నాలుగు వేళ్ళ లోతు

పోయిన వారం స్కూటర్ బాగు చేయించుకోవడానికి ఆటోనగర్ వెళ్ళాను. పక్క షెడ్డులో ఎవరో పడవ మోటారుని నీళ్ళు నింపిన ఇనప డ్రమ్ములోకి దించి నడిపి చూస్తున్నారు. నీళ్ళలో తిరిగే మోటారుది అదొక రకం చప్పుడు, గొంతులో నీళ్ళు పోసుకుని పుక్కిలించినట్టు ఉంటుంది. దాని వెనకే నూనె కలిపిన పెట్రోలు పొగ. ఆ పొగ ముక్కుకి తగలగానే కూర్చున్న స్టూలు మీంచి లేచి రోడ్డు మీదికి వచ్చేశాను. "పొగ పడదా మేడమ్?" అని అడిగాడు మెకానిక్. అవునన్నాను. నాకు పడనిది పొగ కాదని చెప్పాలంటే ఖాదర్ గారి గురించి చెప్పాలి.

ఆయన పడవ నడిపే సరంగు. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు విజయవాడలో ఒక చిన్న సేవాసంస్థలో చేరాను. కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాగాయలంక అవతల ఉన్న ఒక దీవికి వారానికి రెండు రోజులు నర్సునీ మందులనీ తీసుకెళ్ళి వైద్యం అందించడం ఆ సంస్థ పని. ఆ ఏర్పాట్లన్నీ చూసుకోవడం నా ఉద్యోగం. మా నాన్న లెక్కల లెక్చరర్. కాగితం మీద తేలిందే నిజమని నమ్మే ఇంట్లో పెరిగినదాన్ని. ఖాదర్ గారు అరవైకి దగ్గర పడిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేవారు. ఎండకి కనుబొమ్మలు కూడా రాగిరంగుకి తిరిగిపోయాయి. హోదాకి పై అధికారిని నేనే అయినా, మొదటి రోజు నుంచీ పని నేర్పింది ఆయనే. ఆ రోజు పడవలో నా చేతికి పొడవాటి వెదురు గెడ ఇచ్చి, "ఇక్కడ ఎంత లోతుంటుందో చెప్పమ్మా" అన్నారు. నీళ్ళు నల్లగా ఉన్నాయి. "పీకల్లోతు ఉంటుందండీ" అన్నాను. "చూసి చెప్పకమ్మా. గెడ వేసి చెప్పు." వేశాను. మోకాలి లోతు కూడా లేదు. ఆయన నవ్వలేదు. "నేనూ మొదట్లో అట్టాగే అన్నా" అని గెడ తీసుకుని పక్కన పెట్టారు. ఎవరినైనా చిన్నబుచ్చకుండా తప్పు దిద్దడం ఎలాగో నేను చూసింది అక్కడే.

రెండేళ్ళు గడిచాక మా పాత చెక్క పడవ ఇక పనికిరాదని తేలింది. ఖాదర్ గారి సలహాతో కొత్తది ఎంచే బాధ్యత నాకిచ్చారు. ఊళ్ళన్నీ వెతికితే చివరికి రెండు మిగిలాయి. రెండూ కవలల్లా ఉన్నాయి. పదహారు అడుగుల ఫైబర్ పడవలు, వెనక తగిలించేది ఒకే రకం మోటారు, అంచుల ఎత్తు కూడా ఒకటే. ఒకటి తెలుపు, ఒకటి ఆకుపచ్చ. తేడా అంతా అడుగున ఉంది. తెల్లదాని అడుగు నాగలి కర్రులా కోసుగా ఉంటుంది, నీటిని చీల్చుకుని దూసుకుపోతుంది. పచ్చదాని అడుగు పళ్ళెంలా చదును, కాస్త నిదానం, చిన్న అలకే ఎగిరెగిరి పడుతుంది. తెల్లది నీళ్ళలోకి నాలుగు వేళ్ళ లోతు ఎక్కువ దిగుతుంది. అంతే.

రెండిట్నీ విజయవాడలో, బ్యారేజీకి ఎగువన నిండుగా నిలిచిన నీళ్ళలో నడిపి చూశాం. అమ్మేవాళ్ళు అటు వెళ్ళాక ఖాదర్ గారు ఘాట్ మెట్ల మీద కూర్చుని నన్ను పిలిచారు.

"రెండూ బాగున్నాయమ్మా. కానీ చూడాల్సింది ఇక్కడ కాదు. ఒక్కరోజు రెండిట్నీ దీవి దగ్గరికి తీసుకెళ్దాం. సముద్రం వెనక్కి లాగేసిన వేళ, ఎనిమిది మందిని ఎక్కించి, కాలవ నదిలో కలిసే మొగలో ఉన్న ఇసక మేట దాటించి చూద్దాం. ఏది గీసుకోకుండా దాటితే అది తీసుకుందాం."

"అంత దూరం రెండు పడవల్నీ ఎలా తీసుకెళ్తామండీ? సోమవారమే కదా కొత్త పడవ ప్రారంభోత్సవం. పైగా తేడా నాలుగు వేళ్ళే."

"ఆ మేట మీద అప్పుడు మిగిలే నీళ్ళూ అంతేనమ్మా."

నేను ల్యాప్‌టాప్ తెరిచి నా పట్టిక చూపించాను. వేగానికి ఇన్ని మార్కులు, కుదుపు లేనందుకు ఇన్ని, కూర్చునే వీలుకి ఇన్ని. రోగిని తీసుకురావాల్సి వస్తే తెల్ల పడవలో పావుగంట కలిసొస్తుందని చెప్పాను. ఆ కారణం అబద్ధం కాదు. కానీ తెల్ల పడవ ముందుభాగం పైకి లేచి పరుగెత్తినప్పుడు మొహానికి కొట్టిన గాలికే నా మనసు తేలిపోయిందని, మార్కులు ఆ తర్వాత వేశానని నాకు తెలుసు. ఖాదర్ గారు పట్టిక వంక చాలాసేపు చూశారు. "నీకప్పజెప్పిన పని. నీ మాటే కానీయమ్మా" అన్నారు. కొనుగోలు కాగితం మీద నా సంతకం పక్కన ఆయనా సంతకం పెట్టారు.

వానాకాలమంతా తెల్ల పడవ బాగా నడిచింది. "చూశారా ఖాదర్ గారూ!" అని ఒకసారి అన్నాను కూడా. ఆయన నవ్వి ఊరుకున్నారు. నీళ్ళు తగ్గే గంటలు తప్పించి మా ప్రయాణాల వేళలన్నీ ఆయన మెల్లగా మార్చేశారని నాకు చాలా రోజులకి గాని తెలియలేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం మేం దీవిలో ఉండగా వీరమ్మని మంచం మీద మోసుకొచ్చారు. పీతలు పట్టుకుని బతికే మనిషి. గట్టులో బొరియలో చెయ్యి పెడితే రక్తపింజర కరిచింది. కుడి చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. మా నర్సు చూసి వెంటనే అవతలి ఒడ్డుకి చేర్చాలంది. అప్పుడు సముద్రం వెనక్కి లాగుతోంది. మళ్ళీ నీళ్ళు ఎక్కాలంటే రెండు గంటలు పడుతుంది. అందుకని బయల్దేరాం. కాలవ మొగలో పడవ ఒక్కసారి మూలిగి మేట మీద కూర్చుండిపోయింది.

ఖాదర్ గారు మోటారు పైకెత్తి, చొక్కా విప్పి దిగిపోయారు. వీరమ్మ భర్త దిగాడు. నేనూ దిగాను. బురద తొడల దాకా లాగుతోంది, అడుగున ఆల్చిప్పలు కత్తుల్లా తగులుతున్నాయి. ముగ్గురం భుజాలు ఆనించి నెడితే పడవ మూరెడు కదిలి ఆగేది. నీళ్ళ మీద రక్తం కనిపించి వీరమ్మ లోపలి నుంచి, "నా కోసం మీ కాళ్ళు కోసుకుపోతున్నయ్" అని ఏడ్చింది. "నువ్వు చెయ్యి కదపమాక తల్లీ, మా కాళ్ళ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు ఖాదర్ గారు. లోతుకి చేరేసరికి దాదాపు గంట పట్టింది. వీరమ్మ బతికింది. చేతిలో కండ చాలావరకు కుళ్ళిపోయి తీసేయాల్సి వచ్చింది. ఆ పిడికిలి మళ్ళీ మూసుకోలేదు. "ఇంకాస్త ముందు తెచ్చుంటే చెయ్యి దక్కేదేమో" అన్నాడు డాక్టరు. ఆ 'ఏమో'ని నేను చాలా ఏళ్ళు పట్టుకుని వేలాడాను.

తర్వాత సంస్థ సమావేశం పెట్టింది. "అక్కడి నీళ్ళకి సరిపోని పడవ ఎవరు ఎంపిక చేశారు?" అని అడిగారు అధ్యక్షుడు. నేను గొంతు సవరించుకునేలోపే ఖాదర్ గారు లేచారు. "నేనే సార్. నీళ్ళ మీద బతికేవాణ్ణి, నేను చూసుకోవాల్సింది. అమ్మాయిగారికేం తెలుసు?" ఆ పట్టిక నా సంచిలోనే ఉంది. "కాదండీ, నేను" అంటే సరిపోయేది. నేను బల్ల మీద గాజు గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాను. అధ్యక్షుడు తర్వాతి విషయానికి వెళ్ళిపోయారు. మరుసటి నెల నుంచి పనికి రానక్కరలేదని ఖాదర్ గారికి చెప్పారు. ఆ ఏడాదే నాకు పై హోదా వచ్చింది.

ఆయన రేవులో సామాను సర్దుకుంటుంటే వెళ్ళాను. "ఎందుకలా చెప్పారండీ?" అన్నాను.

"నీకింకా చాలా పనుందమ్మా. నాకింకెన్నేళ్ళు?" అని, తాడు చుడుతూ, "అయినా నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఆ రోజు మెట్ల మీద ఒక్కసారి చెప్పి ఊరుకున్నా. నీ మనసు నొచ్చుకుంటుందని. తెలిసినోడు ఒక్కసారి చెప్పి ఊరుకోకూడదు" అన్నారు. నేను నా తప్పు ఒప్పుకుందామనే వెళ్ళాను. ఆయన తన తప్పు చెప్పడం విని, తేలికపడి వచ్చేశాను. తేలికపడ్డాను అని రాయడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత ఆయన విజయవాడలో కూతురి ఇంటికి చేరారు. ఒకసారి సిటీ బస్సులోంచి కనిపించారు, ఒక పంపుసెట్ల కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఎవరికో ఏదో వివరిస్తున్నారు. దిగుదామనుకున్నాను. వచ్చే వారం తీరిగ్గా వద్దాంలే అనుకున్నాను. అలాంటి వారాలు మూడేళ్ళు గడిచాయి. ఒకరోజు ఆయన కూతురు ఫోన్ చేసి, నాన్న పోయి నలభై రోజులైందని చెప్పింది. ఆయన ఫోనులో నా నంబరు 'మేడమ్ అమ్మాయి' అని ఉందట.

ఆ వారంలోనే దీవికి వెళ్ళాను. వీరమ్మ ఎడంచేత్తో ఎండుచేపలు తిరగేస్తోంది. నిలబడే చెప్పేశాను. "ఆ పడవ ఎంచింది ఖాదర్ గారు కాదు వీరమ్మా, నేను."

ఆమె తలెత్తలేదు. "ఎప్పుడో తెలుసమ్మా."

"ఆయన చెప్పారా?"

"ఆయనెందుకు చెప్తాడు? నేనే కొన్నానని చెప్పి, ఇక్కడే కూకుని ఏడ్చాడు. ఆ మేట మీద ఇరవయ్యేళ్ళు పడవ నడిపినోడు అట్టాంటి పడవ కొంటాడా ఎక్కడన్నా? దీవిలో ఎవరం నమ్మలా." చేపలు తిరగేయడం ఆపి అప్పుడు నా వంక చూసింది. "నువ్వొచ్చి చెప్తావని మా ఆయన కొన్నాళ్ళు ఎదురుచూశాడు. తర్వాత ఊరుకున్నాడు."

తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. తట్ట నెత్తికెత్తమని అడిగింది. ఎత్తాను. వెళ్ళిపోయింది.

ఊరికి తిరిగొచ్చాక సంస్థకి జరిగింది జరిగినట్టు ఉత్తరం రాశాను. పాత విషయం కదా, ఇప్పుడెందుకన్నారు. ఇప్పుడు ఏ సమావేశంలో ఏ పొరపాటు గురించి అడిగినా అందరికన్నా ముందు నేనే లేస్తాను, కొన్నిసార్లు నాది కాని దానికి కూడా. అంత నిజాయితీ ఎక్కడిదండీ మీకు అని కొత్తగా చేరినవాళ్ళు మెచ్చుకుంటారు. నేను తల వంచుకుని కాగితాలు సర్దుకుంటాను.