దొరకని లోపం

గడియారాలు బాగుచేసే ఆయన తన పాత కారుని కూడా చేతిగడియారంలాగే చూస్తాడు. రోజూ పొద్దున్నే బానెట్ ఎత్తి, కళ్లజోడు నుదుటిమీదికి తోసి, మీటరు తీగలు బ్యాటరీకి ఆనించి ఊపిరి బిగబడతాడు. బ్యాటరీ మరీ పాతదేం కాదు. ఇంజను నడిస్తే ఛార్జింగూ ఎక్కుతోంది. అయినా ఆదివారం బయటికి తీద్దామని తాళం తిప్పితే టిక్కుటిక్కుమని ఊరుకుంటుంది. "తీగలన్నీ తడిమానే, లోపం చిక్కట్లేదు" అని మొరపెట్టుకుంటే, భార్య "కారు ముసలిదైపోయిందిలెండి" అంటూ వంటింట్లోకి జారుకునేది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం భూతద్దం మరిచిపోయి కొట్టునుంచి ఇంటికొచ్చాడు. ఇంజను ఆపి, అద్దాలన్నీ బిగించిన కారులో భార్య రేడియో పెట్టుకుని, కళ్లు మూసుకుని, దాంతోపాటు గొంతెత్తి పాడుతోంది. పెళ్లైన కొత్తలో ఒకసారి "ఏమిటా గొంతు!" అని నవ్వాడు. ఆ తర్వాత ఇంట్లో ఆవిడ పాట వినపడలేదు. భూతద్దం సంగతే మరిచి, పిల్లిలా వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రమే ఛార్జరు కొన్నాడు. ఇప్పుడు రోజూ ఇంటికి రాగానే, చెప్పులైనా విడవకుండా దాన్ని బ్యాటరీకి తగిలిస్తాడు. నిన్న గోడ అవతలినుంచి పక్కింటావిడ అడిగింది: "లోపం దొరికిందా అన్నయ్యగారూ?"

మొక్కలకు నీళ్లు పోస్తున్న భార్య చేతిలో చెంబు ఆగిపోయింది.

"ఎక్కడమ్మా! ఇంకా వెతుకుతూనే ఉన్నాను" అన్నాడాయన, బానెట్ కిందనుంచి తల బయటికి తీయకుండా.