మా ఊరి గ్రామసభకు చాటింపు వేసిందెవరు?

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది చదివాక చాలామంది నన్ను ఆ నమ్మేవాళ్ల గుంపులో కలిపేస్తారు. తాడేపల్లిగూడెం దగ్గర మా పుట్టింటి నుంచి కాలేజీకి శ్మశానం పక్క రోడ్డు మీదే సైకిలు తొక్కుకుంటూ వెళ్లినదాన్ని. ఒక్కరోజు కూడా బెల్లు కొట్టుకుంటూ పారిపోయింది లేదు. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, నాకేం నష్టం లేదు.

మాది ముదినేపల్లి నుంచి కొల్లేరు వైపు వెళ్లే దారిలో ఒక చిన్న పంచాయతీ. ఊరి పేరు రాయను. చుట్టూ చేపల చెరువులు, మధ్యమధ్య మిగిలిపోయిన వరి చేలు. సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు అయ్యేసరికి మా ఆయన నన్ను నిలబెట్టారు. గెలిచాను. గెలిచింది నేను, ప్రెసిడెంటు అయింది ఆయన.

మా వైపు సర్పంచ్‌ని ప్రెసిడెంటు గారనే పిలుస్తారు. ఆ పిలుపు నేరుగా మా ఆయనకు వెళ్లిపోయింది. నా పేరు పద్మావతి. ఊళ్లో మాత్రం నేను "ప్రెసిడెంటు గారి ఆవిడ"ని. జెండా పండక్కి తాడు లాగింది నేను, దండ పడింది ఆయన మెడలో. ఆ ఫోటోలో నా చెయ్యి ఒక్కటే వచ్చింది.

ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు, అలవాటంతే. నాకు ఒళ్లు మండేది కూడా ఆ అలవాటు చూసే.

ఏలూరులో గ్రూప్స్‌కి చదువుకుంటున్న మా చెల్లెలి కూతురు ఒకసారి వచ్చి, నా ఫోనులో ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టి వెళ్లింది. రాజనీతి శాస్త్రం, ప్రభుత్వ పాలన. క్లాసుకు వెళ్లక్కర్లేదు, గంట కొట్టేవాళ్లుండరు, ఎవరి వీలును బట్టి వాళ్లు చదువుకోవచ్చు. "పెద్దమ్మా, నువ్వు చేస్తున్న ఉద్యోగం గురించే ఇది, కాస్త చదువు," అంది. మా ఆయన పడీపడీ నవ్వారు. "గెలిచాక పాలిటిక్స్ చదవడం ఏంటే, పెళ్లయ్యాక పెళ్లిచూపుల్లాగ!"

నవ్వితే నవ్వారని మొదలుపెట్టాను. రొయ్యలు ఒలుస్తూ సార్వభౌమాధికారం విన్నాను. బ్యూరోక్రసీ పాఠం వింటూ పాలు పొంగించుకున్నాను. అర్థం కానిది వెనక్కి తిప్పి మళ్లీ వినేదాన్ని. అడిగిందే అడిగినా విసుక్కోని మేష్టారు నాకు అప్పుడే దొరికాడు.

పంచాయతీల పాఠం దగ్గర ఆగిపోయాను. గ్రామసభ అంటే ప్రెసిడెంటు, మెంబర్లు కాదట. ఊళ్లో ఓటున్న ప్రతి మనిషీ అందులో సభ్యుడేనట. సభ ఎప్పుడో, ఎక్కడో, దేని గురించో ఊరంతటికీ తెలిసేలా ముందు చెప్పాలట. మా ఊళ్లో గ్రామసభ అంటే ఇంటింటికీ ఒక కాగితం వచ్చేది, సంతకాలు పెట్టి ఇచ్చేసేవాళ్లం. సభ అయిపోయినట్టే. కాపురానికి వచ్చినప్పటి నుంచీ నేనూ పెడుతూనే ఉన్నాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే మంచినీళ్ల చెరువు సంగతి వచ్చింది. మా దగ్గర బోరు వేస్తే ఉప్పునీళ్లు. అందుకని కాలవ వదిలినప్పుడు చెరువు నింపుకుని ఏడాదంతా దాన్నే తాగాలి. మా బావగారికి, అంటే మా ఆయన పెదనాన్న కొడుక్కి, ఆ చెరువు చేపలకు లీజుకి కావాలి. అందులో మేత వేస్తారు, కోడి పెంట వేస్తారు. ఇక ఆ నీళ్లు గొంతులోకి దిగవు. "ఇప్పుడెవరు తాగుతున్నారమ్మా ఆ నీళ్లు? అందరూ నీళ్ల టిన్నులే కదా!" అన్నారాయన. టిన్నులు కొనుక్కునేది మేము. చెరువు అవతల కాలనీ వాళ్లు బిందె ముంచుకునేది అందులోనే.

నేను సంతకం పెట్టనన్నాను. ముందు గ్రామసభ పెట్టండి, ఊరడిగి పెడతాను అన్నాను. ఇంట్లో పెద్ద గొడవైంది. చివరికి మా ఆయన, "సరే, పెడదాం. చాటింపు వేసే మనిషేడీ ఇప్పుడు?" అన్నారు.

నిజమే. మా ఊరికి చాటింపు వేసే సుందర్రావు, నేను గెలవడానికి ముందే పోయాడు. డప్పు కొట్టి, ఆగి, "ఇందుమూలంగా యామంది గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా" అని ఎత్తుకునేవాడు. యావన్మంది అనాల్సింది ఆయన నోట యామంది అయింది. పిల్లలు వెక్కిరించేవారు. ఆయన దిద్దుకోలేదు. కొడుకు తణుకులో ఫ్యాక్టరీ పనికి వెళ్లిపోయాక ఆ డప్పు ముట్టుకున్నవాళ్లు లేరు. అందుకని మైకు ఆటో పిలిపించండి అన్నాను. సరేనన్నారు.

సభ రోజు మధ్యాహ్నం పంచాయతీ హాలుకు వెళ్లేసరికి మా ఆయన, మా బావగారు, ఉప సర్పంచ్, సెక్రటరీ, ఇద్దరు మెంబర్లు ఉన్నారు. మిగతా కుర్చీలన్నీ ఖాళీ. మైకు ఆటోని రావద్దని మా ఆయనే చెప్పేశారట. మగవాళ్లు చేపల పట్టుబడిలో, ఆడవాళ్లు కోతల్లో ఉండే వేళ చూసి పెట్టారు సభని. తీర్మానం అప్పటికే టైపు చేసి ఉంది.

"సంతకం పెట్టేసి రా పద్మా. అందరి ముందూ పరువు తియ్యకు," అన్నారు మా ఆయన, మెల్లగా.

లేచి వెళ్లిపోవాలనిపించింది. కానీ నేను బయటికి నడిస్తే ఉప సర్పంచ్ ఆ కుర్చీలో కూర్చుంటాడు. ఆ ముక్క కూడా పాఠంలో విన్నదే. కదిలితే చెరువు పోతుంది. అందుకని పెన్ను బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చుంటానో, కూర్చుని ఏం చేస్తానో నాకే తెలియదు. కోపంతో కళ్లల్లో నీళ్లు వస్తున్నాయి, వాళ్ల ముందు తుడుచుకోకూడదని పంతం.

అప్పుడు డప్పు వినిపించింది.

చావు డప్పు కాదు, జాతర డప్పూ కాదు. కొట్టి, ఆగి, మళ్లీ కొట్టే చాటింపు డప్పు. ఆ వెంటనే గొంతు.

"ఇందుమూలంగా యామంది గ్రామ ప్రజలకు తెలియజేయడమేమనగా, ప్రెసిడెంటు గారు..."

మా ఆయన కుర్చీలోంచి సగం లేచారు. అలవాటు.

"...పద్మావతి గారు పంచాయతీ ఆఫీసు కాడ సభ పెట్టారు. మంచినీళ్ల చెరువు లీజు సంగతి మాట్లాడతారు. మనందరం రావాలహో!"

లేచిన మా ఆయన అలాగే ఉండిపోయారు. సెక్రటరీ కిటికీ దగ్గరకు పరిగెత్తాడు. వీధిలో మనిషి లేడు. కిటికీ కిందే కొడుతున్నట్టుంది డప్పు, ఎండ తప్ప అక్కడేం లేదు. అదే మాట మళ్లీ వచ్చింది, మళ్లీ వచ్చింది. మెంబర్లలో పెద్దాయన, "ఇది సుందర్రావు కదండీ," అని గోడకు ఆనుకున్నాడు. నాకు భయం వేయలేదు. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు పట్టరానంత సంతోషం కలిగింది.

జనం వచ్చారు. పట్టుబడి వదిలేసి తడిబట్టలతో మగవాళ్లు వచ్చారు. చేలోంచి కొడవళ్లు పట్టుకునే ఆడవాళ్లు వచ్చారు. కాలనీకి కాలనీ కదిలివచ్చింది. హాలు చాలక బయట షెడ్డు కిందకి కుర్చీలు మోయించాం. నేను లేచి మాట్లాడాను. "ఈ సభకి సభ్యులు మేం కాదు, మీరు. చెరువు మీది, మీరే చెప్పండి," అన్నాను.

కాలనీ నుంచి ఒకావిడ నిలబడి మా బావగారిని అడిగింది. "చేపలు మీకూ, ఆ మురుగు నీళ్లు మాకూనాండీ?" చేతులెత్తమన్నాను. లీజు వద్దని లేచిన చేతులు చూసి సెక్రటరీ టైపు చేసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెరువు చెరువుగానే ఉంది.

ఇక నా మీద పడ్డారు. ఏలూరు నుంచి మిమిక్రీ మనిషిని తెప్పించానన్నారు మా బావగారు. సభ దొంగచాటుగా పెడుతున్నారని నాకు హాలులోకి అడుగుపెట్టాకే తెలిసింది. ఇక మనిషిని ఎప్పుడు తెప్పించాను? పాత రికార్డింగు వేశానన్నారు ఇంకొకరు. సుందర్రావు బతికుండగా నేను ప్రెసిడెంటునే కాదు, చెరువుకు లీజు మాటే లేదు. ఆ గొంతులో నా పేరు ఎలా వస్తుంది? పక్క ఊరి మైకు గాలికి వినిపించిందన్నారు. పక్క ఊళ్లో నా పేరుతో సభ ఎందుకు పెడతారండీ?

నేనే ఊరంతా తిరిగి అడిగాను. గట్ల మీద ఉన్నవాళ్లు గట్టు పక్కనే వినపడిందన్నారు. కాలనీ వాళ్లు తమ వీధిలోనే అన్నారు. చేలో వాళ్లు చేను మొదట్లో అన్నారు. అందరూ విన్నది ఒకే వేళ. మనిషిని చూసినవాళ్లు ఒక్కరూ లేరు. ఫోను చేస్తే సుందర్రావు కొడుకు ఆ రోజు తణుకులో డ్యూటీలో ఉన్నానన్నాడు.

మా ఆయన ఆ సాయంత్రం ఒక్కటే అడిగారు. "నువ్వు చేయించావా?" లేదన్నాను. "నేను లేచి నిలబడ్డాను కదే, నా పేరే అనుకుని," అన్నారు. ఆయన మొహం చూస్తే జాలేసింది. జాలేసినా, పర్వాలేదులెండి అని మాత్రం అనలేదు.

ఆఖరున సుందర్రావు భార్య మార్తమ్మ గారి దగ్గరికి వెళ్లాను. కాలనీలో ఒక గది ఇల్లు. డప్పు గోడకు వేలాడుతోంది. చర్మం నిలువునా చీలిపోయి ఉంది, ఎంత గట్టిగా కొట్టినా మోగదు.

"ఆ రోజు మీరు విన్నారాండీ?" అని అడిగాను.

"విన్నానండి."

"ఆయన గొంతేనా?"

"గొంతు ఆయనదేనండి. మాట ఆయనది కాదండి," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఎప్పుడూ 'అందరూ రావలెను' అనేవాడండి. పంచాయతీ పెద్దలు అలాగే చెప్పమనేవారు. వేలంపాటలకీ, తగువులకీ ఊరంతటినీ పిలిచి, వచ్చినోళ్లంతా లోపల కూర్చున్నాక గుమ్మం బయట నిలబడేవాడండి. రా, కూర్చో అన్నోళ్లు లేరు. మొన్న 'మనందరం' అన్నాడండి. ఇన్నాళ్లకి తనని కూడా కలుపుకున్నాడు."

అలా అని ఆవిడ నవ్వింది. ఏడ్చింది నేను. నా పాఠాల్లో ప్రతిచోటా ప్రజలు అనే ఉంది. అంత చదివి, ఆ రోజు లేచి నిలబడి నేనూ "మీరు" అనే అన్నాను.

గొంతుకు ఏదో ఒక కారణం వెతకొచ్చు. ఊరంతా ఒకేసారి భ్రమపడిందని అనొచ్చు. "మనందరం" అన్న ఆ ఒక్క మాటకి మాత్రం నాకు ఏ కారణమూ దొరకలేదు. కోర్సు పూర్తయింది, సర్టిఫికెట్ వచ్చింది, ఇది మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గు కూడా లేదు.

పంచాయతీ ఆఫీసుకి శాంతి చేయించమని ఇప్పటికీ ఎవరో ఒకరు సలహా ఇస్తూనే ఉన్నారు. చేయించను. అది గ్రామసభ. వచ్చినవాళ్లకి కుర్చీ వేస్తాం గానీ, వెళ్లిపొమ్మనం.