లోతు పెరిగిన పీపా

1979 నవంబరులో నన్ను నంద్యాలకు జూనియర్ కెమిస్టుగా వేశారు. సుగంధ తైలాలను పరీక్షించి, ముద్ర వేయదగినవో కావో తేల్చే చిన్న ప్రయోగశాల అది. నా పైన సీనియర్ కెమిస్టు, ఆయన పైన కర్నూలులో కూర్చునే అధికారి. నా కింద ఎవరూ లేరు. గాజు కుప్పెలు కడుక్కోవడం దగ్గర నుంచి పల్లెలకు పోయి నమూనాలు తేవడం దాకా అన్నీ నావే. ఉద్యోగం కొత్త కాబట్టి గర్వం మాత్రం కొంచెం ఎక్కువగానే ఉండేది.

మా దగ్గరకు ఎక్కువగా వచ్చేది వాము నూనె. ఇది గానుగాడి తీసే నూనె కాదు. వామును నలగ్గొట్టి, బట్టీలో ఆవిరి పట్టి, ఆ ఆవిరిని చల్లారిస్తే నీళ్ల మీద తేలే తైలం. దాని ఘాటంతా థైమాల్ అనే పదార్థంలో ఉంటుంది. మనవాళ్లు దాన్నే వాము పువ్వు అంటారు. క్రిములను చంపేదీ, పట్టేసిన ముక్కును వాసనతోనే తెరిపించేదీ అదే. చర్మాన్ని కాల్చేదీ అదే. ఈ చివరి గుణం పుస్తకంలో చదివి కూడా, చేరిన వారంలోనే తలనొప్పికని పచ్చి నూనె ఒక చుక్క నుదుటికి రాసుకున్నాను. నాలుగు రోజుల పాటు ఎర్రటి మచ్చతో ఆఫీసుకు వెళ్లాల్సి వచ్చింది. సీనియర్ కెమిస్టు రోజూ పొద్దున్నే ఆ మచ్చను పరామర్శించేవారు.

నిబంధన ప్రకారం వాము నూనెలో పువ్వు నూటికి నలభై పాళ్లకు తగ్గకూడదు. పువ్వును విడిగా తీసి మందుల కంపెనీలకు ఇచ్చుకుని, మిగిలిన చప్పటి నూనెను అసలు నూనె పేరుతో పంపడం ఆ వ్యాపారంలో అందరికీ తెలిసిన మోసం. దాన్ని పట్టుకోవడమే మా పని.

డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున బస్సెక్కి, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరాను. ఊరి చివర రేకుల కొట్టంలో ఏసుదానం బట్టీ ఉంది. ఒక చక్కెర మిల్లులో బాయిలరు దగ్గర పాతికేళ్లు పనిచేసి, ఆ అనుభవంతో సొంతానికి పెట్టుకున్న బట్టీ అది. మాటలు తక్కువ మనిషి. ఆదివారం చర్చికి పోవాలని బట్టీ ముట్టించేవాడు కాడు. నేను పోయేసరికి నూనె పీపాను కొట్టంలో ఒక మూలన పెట్టి, మూత తుడిచి సిద్ధంగా ఉంచాడు.

నేను సంచీలోంచి గాజు గొట్టం తీస్తుంటే అడ్డు వచ్చాడు.

"ఇప్పుడే ఒద్దు సార్. నూనె నిద్ర పోతాంది. రోంత ఎండకు పెట్టి కదిలిచ్చి ఇస్తా."

నూనె నిద్రపోవడమేమిటో నాకు బోధపడలేదు. నమూనా తీసే ముందు యజమానిని పీపా ముట్టుకోనివ్వవద్దని మాకు శిక్షణలో నూరిపోశారు. ఈయన కదిలిస్తానంటున్నాడంటే ఏదో కలపబోతున్నాడని అనుకున్నాను. పక్కకు జరగమని గట్టిగానే చెప్పాను. జరిగాడు.

గొట్టంతో పైన, నడుమ, అడుగున మూడు చోట్ల నూనె తీయాలి. గొట్టం మీద అంగుళాల గీతలుంటాయి. అడుగు తగిలేదాకా దించి, పీపా మూతి నుంచి ఎంత లోతు దిగిందో నోటుబుక్కులో రాయాలి. పదిహేడు అంగుళాలు అని రాశాను. తీసిన నూనెను కలిపి మూడు సీసాల్లో పోసి, ఒకటి యజమానికిచ్చి, పీపాకు లక్కతో సీలు వేశాను.

ఆ రోజు నాకు బాగా జలుబు చేసి ఉంది. నా అవస్థ చూసి ఏసుదానం భార్య సంతోషమ్మ లోపలి నుంచి చిన్న గుడ్డ మూట తెచ్చి ఇచ్చింది. అందులో పటికబెల్లం పలుకుల్లాంటి తెల్లని వాము పువ్వు ఉంది. చలికాలం తమ ఇంటి డబ్బా అడుగున గోకితే వస్తుందని, ఊళ్లో పసిపిల్లలకు జలుబు చేస్తే ఇదే కట్టి ఇస్తానని చెప్పింది.

"పిల్లోళ్లకైతే దిండుకు దూరంగా కడతాం. ముక్కు కాడికి తేకూడదు, మంటెత్తుతాది. పెద్దోళ్లు దూరం నుంచి వాసన పీలిస్తే సాలు. కడుపునొప్పికి నూనెనైతే నువ్వుల నూనెలో కలిపి పైన రాస్తాం సార్, ఊరికే రాసుకుంటే తోలు ఊడొస్తాది."

నా నుదుటి మచ్చ అప్పటికి మానింది కాబట్టి నేనేమీ అనలేదు. తిరుగు బస్సులో ఆ మూట వాసన చూస్తూ కూర్చున్నాను. శిరివెళ్ల వచ్చేసరికి ముక్కు తెరుచుకుంది.

మర్నాడు పరీక్ష చేశాను. మెడకు గీతలున్న గాజు కుప్పెలో పది మిల్లీలీటర్ల నూనె పోసి, కాస్టిక్ సోడా నీళ్లతో కలిపి బాగా ఊపుతారు. పువ్వు సోడాలో కరిగిపోతుంది. కరగని నూనె మెడలోకి తేలుతుంది. అది ఆరుకు మించకూడదు. నాకు ఏడు దాటింది, అంటే పువ్వు ముప్పై పాళ్లు కూడా లేదన్నమాట. మళ్లీ చేశాను, అంతే. మూడోసారీ అంతే. కుప్పె మూత తీస్తే కళ్లలో నీళ్లు తిరిగేంత ఘాటు, లెక్క చూస్తే చప్పటి నూనె. నాకేమీ అర్థం కాలేదు.

అప్పుడు జేబులోని గుడ్డ మూట గుర్తొచ్చింది. ఇంట్లో పువ్వు ఉందంటే నూనెలోంచి తీస్తున్నట్టే కదా. అనుమానం తీరిపోయినందుకు సంతోషించాను కూడా. ఇంట్లో విడిగా తీసిన పువ్వు కనిపించిందని నివేదికలో రాసి, ఆ మూటను సాక్ష్యంగా ప్రయోగశాల బీరువాలో దాచాను. నా జలుబు తగ్గించిన మూట అది. ఇది రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం లేదు.

నూనె అమ్ముకోవడానికి ఏసుదానానికి ఉన్న అనుమతి ఆగిపోయింది. బట్టీ చల్లారింది. కొత్త వాము కోతకొచ్చే కాలమంతా ఆయన ఖాళీగా కూర్చున్నాడు. మళ్లీ పరీక్షించమని కర్నూలుకు అర్జీ పెట్టుకున్నాడు. దాని మీద ఉత్తర్వు వచ్చేసరికి ఏప్రిల్ అయింది. ఈసారి తప్పితే అనుమతి శాశ్వతంగా రద్దు.

మళ్లీ ఆళ్లగడ్డ పోయి, మిట్టమధ్యాహ్నం ఇద్దరు సాక్షుల ముందు సీలు చూశాను. నేను వేసిందే, చెక్కు చెదరలేదు. రేకుల కింద పీపా ముట్టుకుంటే చేయి కాలుతోంది. గొట్టం దించి లోతు రాసుకున్నాను. ఇరవై ఒకటి. అంకె రాసేటప్పుడు పాత అంకె చూడలేదు. పోతూ పోతూ సంతోషమ్మను, పువ్వు ఇంకా తీస్తున్నారా అని కొంచెం వెటకారంగానే అడిగాను.

"ఎండాకాలం పువ్వు యాడిది సార్? కరిగి నూనెలోనే పోతాది" అని లోపలికి పోయింది. మూట ఏం చేశానని అడగలేదు.

నంద్యాలలో కుప్పె ఊపి చూస్తే నూనె ఐదున్నర దగ్గర ఆగింది. పువ్వు నలభై ఐదు పాళ్లు. నాకు మతిపోయింది. నాలుగు నెలలు మూత తెరవని పీపాలో పువ్వు ఎలా పుడుతుంది? సీనియర్ కెమిస్టు మాత్రం తడుముకోలేదు.

"సీలు చెదరకుండా మూత తీసే విద్య వీళ్లకు తెలుసయ్యా. పువ్వు తెచ్చి కలిపేశాడు. రద్దుకు రాసెయ్" అన్నారు.

రాయడానికి నోటుబుక్కు తీశాను. డిసెంబరులో పదిహేడు, ఏప్రిల్‌లో ఇరవై ఒకటి. అదే పీపా, అదే గొట్టం, రెండూ నా చేతిరాతే. పీపా నాలుగు అంగుళాలు లోతు పెరిగింది. ఎవరైనా దొంగతనంగా మూత తీసి నూనెలో ఏదైనా కలపగలరు గానీ, పీపాను పొడుగు చేయలేరు. చాలాసేపు ఆ రెండు అంకెలనే చూస్తూ కూర్చున్నాను. సంతోషమ్మ మాట అప్పుడు చెవికెక్కింది. ఆ చలి పొద్దున నా గొట్టానికి తగిలింది పీపా అడుగు కాదు. పేరుకుని గట్టిపడిన పువ్వు.

సోడా కొట్టు నుంచి ఐసు తెచ్చి, ఏప్రిల్ నూనెను సీసాతో సహా అందులో పెట్టాను. ఏమీ జరగలేదు. పాలకు తోడు వేసినట్టు, పేరుకోవడానికి దీనికీ తోడు కావాలేమోనని, సాక్ష్యంగా దాచిన గుడ్డ మూట విప్పి ఒక్క పలుకు అందులో వేశాను. చూస్తుండగానే తెల్లని సూదులు లేచి సీసా అడుగున కూర్చున్నాయి. పైన తేరిన నూనెను పరీక్షిస్తే డిసెంబరు లెక్కే వచ్చింది.

ఇది చెబితే తప్పు నాదని తేలుతుంది. చెప్పకపోతే నన్నెవరూ అడగరు. రెండు రోజులు నాన్చాను. మూడో రోజు నోటుబుక్కు, సీసా రెండూ సీనియర్ కెమిస్టు బల్ల మీద పెట్టి, నా మొదటి నివేదిక చెల్లదని రాసిచ్చాను. కర్నూలు నుంచి నాకు మెమో వచ్చింది. ఏసుదానానికి అనుమతి తిరిగి వచ్చింది. ఆ కాగితం నేనే తీసుకుపోయి ఇచ్చాను. క్షమించమని అడగడానికి నోరు రాలేదు.

ఆయన కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నిద్ర పోతాందని ఆపొద్దే చెప్తి గదా సార్. వాము అంతా ఎవురెవురో కొనుక్కపోయిరి. ఇంగ ఈ యేడు బట్టీ ఏం ముట్టిచ్చేది?" అన్నాడు.

ఆ ఏడాది చివర కర్నూలు నుంచి కొత్త సూచన వచ్చింది. చలికాలంలో వాము నూనె నమూనా తీసే ముందు పీపాను వెచ్చబెట్టి, కదిలించి, లోతు సరిచూసుకోవాలి. నంద్యాల జూనియర్ కెమిస్టు పరిశీలన ఆధారంగా అని దాని కింద ఉంది. నా తర్వాత వచ్చిన ప్రతి కెమిస్టుకూ నేను నేర్పిన మొదటి పాఠం అదే. పీపా గురించి పీపా యజమానిని ముందు అడగాలన్నది రెండోది. ఆ మొదటి పాఠం నాకు చెప్పింది ఎవరో మాత్రం వాళ్లలో ఒక్కరికీ చెప్పలేదు. ఆయన పేరు ఏసుదానం.