జవాబు బిళ్లలు

మద్రాసు ఎడిటర్ల మాట ఎత్తితే చాలు, భూపతికి ఒళ్లు మండిపోయేది. సిద్దిపేటలో మగ్గం నేసుకునే వాడికి పత్రికలెందుకని నవ్విన వాళ్ల నోళ్లు మూయించాలని అతని పట్టుదల. రాయాలనుకున్న సంగతేమిటో ముందు నాలుగు ముక్కల్లో తెలపాలి, నచ్చితే రాయమంటాం, జవాబుకు తపాలా బిళ్లలు జతచేయాలి అని మద్రాసు పత్రికలో వేశారు. చెప్పినట్టే చేశాడు. నేతపాటలన్నాడు, నూలుకు గంజి పెట్టే ఆడవాళ్లన్నాడు, నూలు దొరక్క మూలబడ్డ మగ్గాలన్నాడు. ఒక్కదానికీ ఉలుకూ లేదు, పలుకూ లేదు. మహానుభావులు, కనీసం వద్దనైనా అనరే!

నూలు కోసం సికింద్రాబాద్ పోయే బావమరిది వీరయ్య ఆ కవర్లను అక్కడి ఇంగ్లీషు వాళ్ల టపాలో వేసేవాడు. లోపల పెట్టే జవాబు బిళ్లలు మాత్రం భూపతి సిద్దిపేటలోనే కొనేవాడు. జవాబు వచ్చేది నిజాం రాజ్యానికే కదా, ఇక్కడి బిళ్లలే నడుస్తాయని అతని ధీమా.

భార్య కొండవ్వకు ఓపిక అయిపోయింది.

"మగ్గం ఆపి గా కాయితాల మీద పడ్తున్నవు. గీసారి జవాబు రాకుంటే కలం పొయ్యిల పెడ్త, సూడు."

"రాకుంటే నేనే పెడ్త తియ్!"

పంతానికి అన్నాడే గానీ కలం పోగొట్టుకునే ధైర్యం లేదు. ఇన్నాళ్లూ దాచుకున్న సంగతిని ఇక బయటికి తీశాడు. మగ్గం కింది గుంతలో కూర్చుని బతుకంతా చెక్కలు తొక్కిన కాళ్ల కథ అది. తన నాయిన సాంబయ్య కాళ్లు. చివరి రోజుల్లో ఆయన్ను గుంతలోంచి ఇద్దరు ఎత్తి బయట కూర్చోబెట్టేవాళ్లు. రాస్తుంటే భూపతికి ఏడుపొచ్చింది. ఇంతకన్నా మంచి సంగతి తన దగ్గర లేదు.

జవాబు వచ్చింది! గుమ్మంలోనే నిలబడి కార్డు చదివాడు.

"అయ్యా, తమరు పంపే బిళ్లలు మద్రాసులో చెల్లవు. అందుచేత ఇంతకాలం జవాబు రాయలేదు. అయితే వాటి మీది ఉర్దూ అక్షరాలు మా మేనేజరు గారికి మహా ముచ్చట. అన్నీ ఆల్బంలో అంటించుకుంటున్నారు. ఈమధ్య ఒకే రంగువి వస్తున్నాయని వారి బెంగ. ఈసారి వేరే రంగులవి పంపగలరు."

కార్డు వెనక్కి తిప్పాడు. నాయిన కాళ్ల గురించి ఒక్క ముక్క లేదు.

"ఏం రాసిండు?" పొయ్యి దగ్గరి నుంచి కొండవ్వ అడిగింది.

"జవాబైతే వచ్చింది గద! కలం జోలికి రాకు."

"అచ్చేస్తరా మరి?"

"ఇంకోటి పంపుమన్నరు" అని అబద్ధమాడి, ఆమె మొహం చూడలేక చెప్పులేసుకున్నాడు. దారి పొడవునా ఆ మేనేజరును తిట్టుకుంటూనే టపాఖానాకు పోయాడు. కిటికీ ముందు నిలబడి, సిగ్గుతో తలొంచుకుని అడిగాడు.

"సాబ్, వేరే రంగుల బిళ్లలేమన్న ఉన్నయా?"