అక్క మతిమరుపుకు మైదుకూరు పసుపు

మా అక్క సరోజకు మతిమరుపు జబ్బు మొదలైందని డాక్టరు చెప్పినప్పటి నుంచి మా ఇంట్లో వంట కంటే వైద్యం ఎక్కువైంది. పసుపు మెదడును కాపాడుతుందని ఎవరో ఫోనుకు పంపారు. డాక్టరును అడిగితే, "పరిశోధనలు జరుగుతున్నాయి కానీ ఇంకా తేలలేదు. కూరగాయలు, కొర్రలు, పప్పులు బాగా తినండి. మాత్రలు మాత్రం మానొద్దు" అన్నారు. అక్క చెవికి 'పరిశోధనలు' అన్న మొదటి ముక్కే ఎక్కింది. కల్తీ లేని పసుపు రైతు దగ్గరే కొనాలని పట్టుబట్టింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఎలాగూ ఫిబ్రవరి, పసుపు ఉడకబెట్టే రోజులు. సరేనని బయలుదేరాం.

పొద్దున ఏడింటికి మా కల్లూరులో షేర్ ఆటో ఎక్కితే, మనిషికి ఇరవై రూపాయలతో కర్నూలు బస్టాండు చేరాం. కడప ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నంద్యాల, ఆళ్ళగడ్డ మీదుగా మైదుకూరులో దిగేసరికి పదకొండు దాటింది. దారిలో అక్క ఆళ్ళగడ్డను రెండుసార్లు నంద్యాల అంది. నేను సరిదిద్దలేదు.

"పసుపు ఉడకేసేది యాడప్పా?" అని ఆటో ఆయన్ను అడిగాను.

"కాలువ కింద పల్లెల్లో ఉడకేస్తాండారు. నూటాయాభై ఇయ్యండి, పిల్చకపోతా."

ఆయన దింపిన పల్లె కళ్ళంలో పెద్ద కడాయిలో పసుపు కొమ్ములు ఉడుకుతున్నాయి. ఆ ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. రైతు భార్య లక్ష్మీదేవి మంచినీళ్ళు ఇచ్చింది. అక్క చెంబు కింద పెట్టకముందే అడిగేసింది: "ఇది తింటే మతిమరుపు పోతాదంట, నిజమేనా?"

లక్ష్మీదేవి నవ్వలేదు. వసారాలో మంచం మీదున్న ముసలామెను చూపించింది. "మా యత్త. పుట్టినకాడ్నుంచి ఈ పసుపే తినింది. ఇప్పుడు నన్ను గూడా గుర్తుపట్టదు. పసుపు మంచిదే అక్కా. మందని చెప్పి మాత్రం అమ్మలేను."

అక్క ముఖం వాడిపోయింది. నాకు లక్ష్మీదేవి మీద ఒళ్ళు మండింది. ఒక్క అబద్ధం చెబితే ఆమె సొమ్మేం పోయింది?

వద్దన్నా వినకుండా మాకు రాగి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టారు. బువ్వకు వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు ముసలామె దగ్గరికి వెళ్ళి వంగి పేరు చెబుతున్నారు. "నేనమ్మా, నీ కొడుకు ఓబులేసును." "నేనత్తా, లక్ష్మీదేవిని. సంగటి తెచ్చినా." కూలికి వచ్చినవాళ్ళూ అంతే. ముసలామె అందరికీ "దా, తిను" అంటోంది.

"నేనెవరో చెప్పు అంటే బెదిరిపోతాది. అందుకే మేమే చెప్పుకుంటాం" అంది లక్ష్మీదేవి.

అక్క తింటున్నదల్లా లేచి మంచం దగ్గరికి వెళ్ళింది. "నేను సరోజను. కర్నూలు నుంచి వచ్చినా."

"శానా దూరం నుంచి వచ్చినావే! కూచో, తిను" అంది ముసలామె.

ఈ ఏటివి ఇంకా ఎండలేదు కాబట్టి, కిందటేడు ఎండిన కొమ్ములు రెండు కిలోలు కొని తిరుగు బస్సెక్కాం. చాగలమర్రి దాటాక అక్క మెల్లగా అడిగింది: "నేనూ అట్ల అయితే, నువ్వు నీ పేరు చెప్తావా?"

"చెప్తా."

"విసుక్కోకుండా?"

నేను విసుక్కునే మనిషినని ఆమె ఇంకా మర్చిపోలేదు. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

మీరూ వెళ్ళాలనుకుంటే జనవరి, మార్చి మధ్య వెళ్ళండి. పసుపును వంటకే తెచ్చుకోండి. మందులా ఎక్కువగా మింగాలనిపిస్తే ముందు డాక్టరును అడగండి, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళు.

ఆ పసుపుతో వండిన పప్పు కమ్మగా ఉంటోంది. అది అక్కను కాపాడుతుందో లేదో నాకు తెలియదు. తెలియకపోయినా రోజూ వేస్తున్నాను, ఆశ కదా. ఇవాళ పొద్దున ఆమె వంటింటి గుమ్మంలో ఆగి నా వంక అదోలా చూసింది. గరిటె పక్కన పెట్టి, "నేనక్కా, నీ చెల్లెలు విమలను" అన్నాను.

"తెలుసులేవే. ముందు టీ పెట్టు" అంది.