ఒక్కసారి కొంటే మనదేనా?

మొన్న మా దుకాణంలో కొత్త కంప్యూటర్ పెట్టించిన కోడలు, అర్జీలు టైపు చేసే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను ఏడాదికోసారి చందా కట్టి వాడుకుందామా, ఒకేసారి కొనేద్దామా అని నన్ను అడిగింది. చందా అయితే ఎప్పటికప్పుడు కొత్తది వస్తుందట, ఫోన్లో కూడా తెరుచుకుంటుందట. కట్టడం మానేస్తే ఏమవుతుందంటే, ఆగిపోతుంది అత్తమ్మా అంది మామూలుగా. ఆ మాట వినగానే నాకు మా అక్క గుర్తుకొచ్చింది.

మన ఈడు వాళ్లకు తెలిసే ఉంటుంది, టైపు మిషన్లు మూలపడి కంప్యూటర్లు వస్తున్న రోజులవి. ఖమ్మంలో టైపు నేర్చుకొచ్చిన మేమిద్దరం ఏన్కూరులో ఒక గది కిరాయికి తీసుకొని దుకాణం నడిపేవాళ్లం. అక్కకు ఎవరి మాటా ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, ఇది నీ ఇల్లే అన్న అత్తగారే ఆమె సామాను బయట పెట్టించింది మరి. మీదే అని ఎవరన్నా అంటే చాలు, అక్క కనుబొమలు ముడిపడేవి.

మా మొదటి కంప్యూటర్ కొన్నప్పుడు, ఖమ్మంలో అమ్మినాయన టైపు సాఫ్ట్‌వేర్‌కు దొంగ కాపీ వేసిస్తానంటే అక్క వద్దని, సీలు వేసిన అసలు డబ్బానే అడిగి, తన ఎదుటే విప్పించింది. మళ్లీ ఎవరూ వచ్చి అడగరు గదా అని తిప్పి తిప్పి అడిగితే, ఆయన విసుగు దాచుకొని, “జీవితాంతం మీదే అక్కా” అన్నాడు. అయినా బస్సులో ఆ డబ్బాను ఒళ్లోంచి దించలేదు, పక్క సీటు వాళ్లను కూడా అనుమానంగానే చూసింది.

కొన్నేళ్లకు ఒక వానాకాలం పిడుగు పడి కంప్యూటర్ మాడిపోయింది. కొత్తది తెచ్చి పొద్దున్నే అదే డిస్కు వేస్తే, ఇది వేరే మిషన్‌కు ఇచ్చేశామని తెర మీద రాసి మొండికేసింది. అప్పటికే అడవి అంచు పల్లె నుంచి ఒక పెద్దామె వచ్చి కూర్చుంది. వాళ్ల తాతల నాటి నుంచి దున్నుకుంటున్న పోడు చెలక, అంటే అడవి కొట్టి చదును చేసుకున్న చేను, అడవిదేనని అటవీశాఖ వాళ్లు అభ్యంతరం పెట్టారు. మర్నాడు భద్రాచలంలో అధికారుల ముందు అర్జీ ఇవ్వాలి. చేత్తో రాసింది ఇస్తే కిందటిసారి చదవకుండానే తిప్పి పంపారట. మా పాత టైపు మిషన్ ఎప్పుడో అమ్మేశాం. సంగతంతా విని ఆమె, “మేం దున్నుతున్నం, అయినా మాది కాదంటరు. మీరు కొన్నరు, అయినా మీది కాదంటున్నదా? గట్లెట్లమ్మా?” అంది.

అక్క డిస్కు పట్టుకొని, మొదట వచ్చిన బస్సెక్కేసింది. ఖమ్మంలో ఆ దుకాణదారు ఎదుట కూర్చొని, పదిమంది వినేట్టు, “జీవితాంతం అన్నవ్ గదా, ఎవరి జీవితం? నాదా, ఆ మిషన్‌దా?” అని అడిగిందట. పాపం, ఆ మెలిక ఆయనకూ తెలియదు. అన్నం మానుకొని కంపెనీకి ఫోన్ల మీద ఫోన్లు చేసి, మిషన్‌లో కొట్టాల్సిన కొత్త నంబరు ఇప్పించి, చివరికి టీ కూడా తాగించి పంపాడు. సాయంత్రం అక్క బస్సు దిగి ఆ నంబరు చదువుతుంటే, నేను ఒక్కో అంకె కొట్టాను. మిషన్ ఒప్పుకుంది. పెద్దామె అర్జీ మీద వేలిముద్ర వేసి, కొంగున చుట్టుకొని వెళ్లింది. చాలా కాలానికి పట్టా వచ్చింది గానీ చెలకలో సగానికే. ఆ కబురు చెప్పడానికి చింతపండు పట్టుకొని వచ్చినప్పుడు మిగతా సగం ఏమైందని అడిగితే, నవ్వి చింతపండు మూట నా చేతిలో పెట్టింది.

అక్క పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఉంటే ఏమనేదో తెలుసు కనుక ఒకేసారి కొనేద్దామన్నాను, కొన్నాం. డబ్బా లేదు, డిస్కు లేదు. ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడానికి ముందు నా ఫోన్ నంబరు అడిగింది. ఎందుకో కనుక్కోమంటే, సందేహాలు రాయమన్న చోట కోడలు రాసింది. మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు అని తియ్యటి తెలుగులో జవాబొచ్చింది, అంతే. ఆ రోజుల్లో అనుమానం వస్తే వెళ్లి నిలదీయడానికి ఒక మనిషి ఉండేవాడు, తప్పు తనది కాకపోయినా చిన్నబోయేవాడు, మన మనసు తేలికపడేది. ఇప్పుడు అనుమానమైతే అలాగే ఉంది, అడగడానికే ఎవరూ లేరు.