పన్నెండు కిలోల పిల్లవాడు

2022లో, రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగా, నన్ను అనంతపురానికి మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా బదిలీ చేశారు. కాగితం మీద హోదా అంత పొడవు. జనం నోట్లో మాత్రం మేం ఎప్పుడూ బ్రేకు ఇన్‌స్పెక్టర్లమే. మా పైన ఆర్టీవో, మా కింద అసిస్టెంటు ఇన్‌స్పెక్టరు. బండ్లకు ఫిట్‌నెస్ ఇవ్వడం, లైసెన్సు పరీక్ష పెట్టడం, రోడ్డు మీద లారీలను ఆపి లోడు చూడడం మా పని. వీటిలో నాకు ఇష్టమైనది మూడోది. ఖాళీ బండి బరువెంత, సరుకుతో కలిపి ఎంత దాటకూడదు అన్న రెండు అంకెలు ఆర్‌సీలో ఉంటాయి. మిగతాది కాటా చెబుతుంది. డ్రైవరును అడగడం మర్యాద కోసమే. లోడెంత అంటే నిజం చెప్పిన డ్రైవరు నా సర్వీసు మొత్తంలో ఒక్కడూ తగల్లేదు.

చేరిన కొత్తలోనే ధర్మవరం నుంచి రాఘవ అనే పట్టుచీరల వ్యాపారి ఆఫీసుకు వచ్చాడు. పిల్లలను కారులో కూర్చోబెట్టే సీటు ఒకటి మోసుకొచ్చి నేరుగా నా టేబుల్ మీద పెట్టాడు. ఫైళ్లన్నీ దాని కింద పడ్డాయి.

"సార్, దీన్ని పాసు చేయండి" అన్నాడు.

మేం బండ్లను పాసు చేస్తామే గానీ కుర్చీలను చేయమని చెప్పాను. అతను కదల్లేదు. అంతకుముందు నెలలో బత్తలపల్లె దగ్గర రోడ్డుకు అడ్డంగా మేకల మంద వస్తే సడన్ బ్రేకు వేశాడట. నాయనమ్మ ఒళ్లో కూర్చున్న నాలుగేళ్ల కొడుకు హర్ష ఎగిరి ముందు సీటుకు కొట్టుకున్నాడు. గడ్డం పగిలి కుట్లు పడ్డాయి. అప్పటినుంచి భార్య లావణ్య పిల్లవాణ్ణి కారెక్కించడం లేదు. తనకల్లులో పుట్టింటికి కూడా బస్సులోనే తీసుకుపోతోంది. రాఘవ సీటు కొన్నాడు గానీ ఆమెకు నమ్మకం కుదరలేదు.

"వీని బరువుకు ఆ సీటు ఆగుతాదని తెలిసినోళ్లతో చెప్పిచ్చు, అప్పుడు ఎక్కుతాం అంటాండాది సార్. మీకంటే తెలిసినోళ్లు నాకు యాడ దొరుకుతారు?" అన్నాడు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టయినా, ఇలాంటి సీటయినా ఉండాలని చట్టం వచ్చి అప్పటికి మూడేళ్లు. లేకపోతే చలానా రాసే అధికారం నాకుంది. ఆ సీటు ఎంత బరువు ఆపుతుందో మాత్రం నాకు తెలియదు. ఒళ్లు మండింది, రాఘవ మీద కాదు. సాయంత్రానికి చెబుతాను, కూర్చోమన్నాను.

సాయంత్రానికి నా దగ్గర మూడు అంకెలు చేరాయి. ఫోన్ చేస్తే అమ్మిన షాపువాడు ముప్పై మూడు కిలోలన్నాడు. రాఘవ సెల్‌ఫోన్లో చూసిన ప్రకటన ఇరవై అయిదంది. సీటు అడుగున అంటించిన చీటీలో తొమ్మిది నుంచి పద్దెనిమిది అని ఉంది. మా అసిస్టెంటు మూడూ కూడి మూడుతో భాగిద్దామా సార్ అన్నాడు. అతనికి వేరే పని చెప్పి పంపాను.

కారు పుస్తకం తెప్పించి చదివితే ముడి విడిపోయింది. సీటు వెనక రెండు కొక్కేలుంటాయి. అవి కారులోని ఇనుప కడ్డీలకు తగులుకుంటాయి. ఆ కడ్డీలు ఆపే బరువు ముప్పై మూడు, అదీ పిల్లవాడిదీ సీటుదీ కలిపి. షాపువాడు సీటు బరువును గాలికి వదిలేసి మొత్తం పిల్లవాడి ఖాతాలో వేశాడు. ఇరవై అయిదు అన్నది అదే రంగులో ఉన్న ఇంకో మోడల్‌ది. మన సీటు మాట చెప్పేది మన సీటు చీటీ ఒక్కటే. సీటుకొక హద్దు, కారుకొక హద్దు ఉన్నప్పుడు ఏది ముందు దాటిపోతుందో అదే లెక్క. పద్దెనిమిది అని తేల్చాను.

"పిల్లవాడి బరువెంత?" అని అడిగాను.

"మాయమ్మ పన్నెండంటాది" అన్నాడు రాఘవ. చెబుతూ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ చూపు నాకు హైవే మీద బాగా అలవాటు. పిల్లవాణ్ణి తీసుకురమ్మన్నాను.

మర్నాడు కుటుంబమంతా వచ్చింది. తల్లీ కొడుకూ బస్సులో, మిగతావాళ్లు కారులో. హర్షను చూడగానే నాకు అనుమానం తీరిపోయింది. బుగ్గలకే మూడు కిలోలుండేలా ఉన్నాడు. రాఘవ తల్లి నాగమ్మ మాత్రం నేను నోరు తెరవకముందే మొదలుపెట్టింది.

"చూడప్పా, ఎట్ల ఎండిపోయినాడో. పన్నెండు కిలోలుంటే గొప్ప."

"ఎత్తుకుంటే నా నడుము ఇరుగుతాంది సార్" అంది లావణ్య మెల్లగా.

పక్క వీధిలో మందుల షాపుంది, తూకం మిషనుంది, రెండు నిమిషాల పని అన్నాను. నాగమ్మ మనవణ్ణి కొంగు చాటుకు లాక్కుంది. "బిడ్డను తూకమేస్తారా? వాడేమన్నా చెనిక్కాయల మూటా? దిష్టి తగలదా?" అంది. ఒకసారి దెబ్బ తగిలినవాడు, మళ్లీ తూకం అంటే ఆమె ప్రాణం ఒప్పుకోలేదు. నేను చట్టం చెప్పాను. ఆమె చట్టానికి మనవలున్నారా అని అడిగింది.

చివరికి రాజీ కుదిరింది. కారును తూచుకోవచ్చు, అందులో మనవడు కూర్చుని ఉంటే ఆ తప్పు ఆమెది కాదు. లారీలు తూచే కాటా మీద కారు నిలిపి నాగమ్మనూ, పిల్లవాణ్ణీ అందులో కూర్చోబెట్టాం. నిలబడి ఉన్న బండే కనక లావణ్య అడ్డు చెప్పలేదు. తర్వాత పిల్లవాణ్ణి ఒక్కణ్ణే దించి మళ్లీ తూచాం. తేడా ఇరవై కిలోలు. నేను గెలిచాననుకున్నాను. కాటావాడు అడ్డం పడ్డాడు. ఆ కాటా పదేసి కిలోల చొప్పునే చూపుతుంది. ఒక్కో తూకంలో అయిదు కిలోలు అటూ ఇటూ పోతుంది కనక రెండు తూకాల తేడా పది నుంచి ముప్పై లోపు ఏదైనా కావచ్చు.

"ఐతే పన్నెండు కూడా కావచ్చును గదప్పా?" అంది నాగమ్మ.

కావచ్చు అని ఒప్పుకోవలసి వచ్చింది. ఆమె విజయగర్వంతో మనవణ్ణి కారెక్కించబోయింది. లావణ్య కొడుకు చెయ్యి వదల్లేదు. "మళ్లా ఒకసారి వాని గడ్డం మీద రక్తం చూసే ఓపిక నాకు లేదత్తా" అని పిల్లవాడితో బస్టాండు వైపు నడిచింది. నాగమ్మ ముఖం చిన్నబోయింది. అయినా పన్నెండు మీద నుంచి మాత్రం కదల్లేదు.

లారీ విషయంలో డ్రైవరు మాట తేలకపోతే మేం సరుకు ఎక్కించిన చోటికి వెళ్లి అడుగుతాం. ఇక్కడ ఎక్కడికి వెళ్లాలో తోచక, మాటల్లో పెట్టి, పిల్లవాడి గాయం ఎలా మానిందమ్మా అని నాగమ్మను అడిగాను. దేవుడి దయ అంది. మానితే మనవడి ఎత్తు బెల్లం తూచి ఇస్తానని కదిరి గుడిలో మొక్కుకుందట. ఆ ఆదివారమే తులాభారమట.

"మొక్కు తీరేటప్పుడు తక్కువ పడకూడదు కదమ్మా. బెల్లం ఎంత తెప్పించినారు?" అన్నాను.

"ఇరవై కిలోలు తెప్పిచ్చినా. చాలకపోతే బాగుండదని పైన ఇంకో రెండు" అంది ఆమె, ఏమీ తడుముకోకుండా.

రాఘవ గబుక్కున తల తిప్పుకున్నాడు. కాటావాడు బయటికే నవ్వాడు. నాగమ్మకు అప్పుడు అర్థమైంది. "మనుషులకు చెప్పేది వేరప్పా, దేవునికి ఇచ్చేది వేరే" అంది. సిగ్గుపడలేదు, నిజం చెప్పాలంటే నన్నే కాస్త జాలిగా చూసింది.

ఆదివారం నాకు సెలవు. కదిరి వెళ్లాను. దేవుడి త్రాసులో తూచితే దిష్టి లేదట, పైగా పుణ్యమట. ఒక పళ్లెంలో హర్ష, రెండో పళ్లెంలో బెల్లం. పళ్లేలు సమానమయ్యాక ఆ బెల్లాన్ని విడిగా తూపించాను, బెల్లం అచ్చులకు చెప్పే బరువు మీద నాకు నమ్మకం లేదు. పందొమ్మిదిన్నర. పద్దెనిమిది దాకా ఆపే సీటు వాడికి అప్పటికే చిన్నది. సోమవారం రాఘవ దాన్ని షాపులో తిరిగి ఇచ్చేసి, పదిహేను నుంచి ముప్పై ఆరు దాకా సరిపోయేది తెచ్చాడు. పిల్లవాణ్ణి ఎత్తులో కూర్చోబెట్టి, కారు బెల్టే భుజం మీదుగా సరిగ్గా పడేలా చేస్తుందది. చీటీ నేనే రెండుసార్లు చదివాను.

కొన్ని నెలల తర్వాత బత్తలపల్లె దగ్గర తనిఖీలో ఆ కారు ఆగింది. ముందు లావణ్య, వెనక నాగమ్మ, ఆమె పక్కన కొత్త సీటులో బెల్టు పెట్టుకుని హర్ష. తనకల్లుకు పోతున్నారట. అలవాటు కొద్దీ వంగి, బరువెంతప్పా అని పిల్లవాణ్ణి అడిగాను. వాడు నాయనమ్మ వైపు ఒకసారి చూశాడు.

"పన్నెండు" అన్నాడు.

పొమ్మని చెయ్యి ఊపాను. హద్దు సీటుకు అంటించిన చీటీలో ఉంటుంది, బరువు త్రాసులో ఉంటుంది. మనుషులను కూడా అడగవచ్చు, కాకపోతే లోడెంత అని కాదు, బెల్లం ఎంత తెప్పించినారని అడగాలి.